కిందికి తెరుచుకునే జేబు

బస్సులో పక్క సీట్లో కూర్చున్నాయన టికెట్టు చొక్కా జేబులో పెట్టుకుంటే అది ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ పడింది. మూడోసారి నేనే వంగి తీసిస్తూ చూశాను. జేబు తలకిందులుగా కుట్టి ఉంది, మూతి కిందికి.

"మీ దర్జీని మార్చాలండీ," అన్నాను.

"మా బావేనండి. నలభై ఏళ్ళ అనుభవం," అన్నాడు, కొంచెం గర్వంగానే. "కావాలనే కుట్టాడు."

మనుషులు ప్రేమను ఎక్కడ దాచుకుంటారో నేను చాలా పుస్తకాల్లో చదివాను. ఉత్తరాల్లో అన్నారు, మౌనంలో అన్నారు. తిట్లలో దాచుకునేవాళ్ళ సంగతి రాసినవాళ్ళు తక్కువ. బహుశా వాళ్ళ ఇళ్ళలో రాసుకునేంత నిశ్శబ్దం ఉండదేమో.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊరూరా తిరిగి ఆగిపోయిన లిఫ్టులు నడిపించడం పని. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే అక్క పెంచింది. ఆవిడ ఒక పెద్దాసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోను ఆపరేటరు. "నమస్కారమండీ, ఎవరు కావాలండీ?" అని రోజుకు వందలసార్లు అనేది. ఆ మర్యాదంతా డ్యూటీలోనే ఖర్చయ్యేది కాబోలు, ఇంటికొచ్చేసరికి ఒక్క 'అండీ' కూడా మిగిలేది కాదు. తమ్ముడు దున్నపోతు, మొగుడు మూగమొద్దు.

"మా బావ మాటల మనిషి కాదండి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసీ చేసీ నోరు తెరవడమే మర్చిపోయాడు. అక్క డ్యూటీ నుంచొచ్చి పడుకుంటే మిషను ఆపేసి చేత్తో కుట్టుకునేవాడు. నేనేమో ఆయన కత్తెర దాచేసేవాణ్ణి. ఆయన వెతికి వెతికి, ఫిర్యాదు చెయ్యలేక, అక్క వంక చూసేవాడు. ఆవిడ లేచి ఇద్దర్నీ కలిపి ఉతికేది. అప్పుడుగానీ మా ఇద్దరికీ కడుపు నిండేది కాదు."

రెండేళ్ళుగా ఆవిడకు జ్ఞాపకం జారిపోతోంది. ముందు వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత మనుషులు, వాళ్ళ వెనకే తిట్లు. మిగిలింది ఆసుపత్రి గొంతొక్కటే.

"ఒక్కసారి తిడితే చాలండి," అన్నాడాయన. "వంకర కుట్టు చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. పోయిన వారం చొక్కాకి ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు కుట్టించుకున్నాను. పనిచెయ్యలేదు. చెప్పకుండా బయల్దేరి చూశాను. అదివరకైతే గుమ్మంలో నిలబడి, వీధి చివరిదాకా వినబడేట్టు, 'చెప్పకుండా పోతావేంట్రా దున్నపోతా' అని అరిచేది. ఇప్పుడదీ లేదు. అయినా చెప్పకుండా పోవడం మానలేదనుకోండి."

ఇద్దరం దిగేది ఒక్కచోటే. నా తర్వాతి బస్సుకు రెండు గంటలుంది. "రండి. కొత్తమనిషి ముందు పరువు తీస్తేనైనా తిడుతుందేమో," అని వెంటబెట్టుకెళ్ళాడు.

రెండు గదుల ఇల్లు. కిటికీ కింద కుట్టుమిషను, దాని చుట్టూ గుడ్డపేలికలు. మెడలో టేపుతో, పెదాల మధ్య సూదులతో బావ తలాడించాడు. నేల అప్పుడే తుడిచినట్టు తడిగా ఉంది. ఈయన గ్రీజు బూట్లతోనే దాన్ని తొక్కుకుంటూ కుర్చీలో ఉన్న అక్క ముందుకెళ్ళాడు.

"అక్కా, దున్నపోతొచ్చింది."

ఆవిడ తలెత్తి ఎంతో అందంగా నవ్వింది. "నమస్కారమండీ. ఎవరు కావాలండీ?"

"నువ్వే కావాలి."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి." కుడిచెయ్యి గాల్లోంచి ఏదో తీగ లాగి మరోచోట గుచ్చింది. తల వంచి కాసేపు విన్నది. "ఎవరూ ఎత్తడం లేదండీ."

ఆయన చొక్కా ముందుకు లాగి చూపించాడు. "ఈ జేబు చూడవే. మీ ఆయన నిర్వాకం."

బావ నోట్లోంచి సూదులు తీశాడు. "నేనే కుట్టాను. తప్పే," అన్నాడు. నేనున్నంతసేపూ ఆయన మాట్లాడింది అంతే.

ఆవిడ వేలు కుట్టు వెంట మెల్లగా పాకింది. మూల దగ్గర ఆగింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. బావ ఒక అడుగు ముందుకేశాడు.

"పర్వాలేదండీ," అంది. "బాగుంది."

బావ వెళ్ళి మిషను ముందు కూర్చుని సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఈయన పక్కనుంచి వెళుతూ బల్లమీది కత్తెర తీసి వీపు వెనక దాచాడు. బావ చూశాడు. వెతకలేదు. అలవాటు కొద్దీ ఇద్దరూ ఒక్కసారే ఆవిడ వంక చూశారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఈయన కత్తెర తెచ్చి ఉన్నచోటే పెట్టేశాడు.

లిఫ్టు ఆగితే తీగలు చూస్తారు, మోటారు చూస్తారు. మనిషి రెండంతస్తుల మధ్య ఆగిపోతే ఏది విప్పి చూడాలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఆవిడ నావైపు తిరిగి, "మీకెవరు కావాలండీ?" అని అడిగితే నేను నేల చూశాను. తడినేల మీద బూట్ల ముద్రలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి.

ఆయన గుమ్మం దిగాడు. అక్కతో చెప్పలేదు, బావతో చెప్పలేదు, నాతోనూ చెప్పలేదు. వీధిలో చాలా నెమ్మదిగా నడిచాడు. సగం దూరం పోయాక వంగి, బిగించే ఉన్న లేసును విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. బావ గబగబా గుమ్మంలోకొచ్చి నోరు తెరవబోయాడు. నోటినిండా సూదులు.

ఆయన రెండో బూటు లేసు కూడా విప్పి కట్టుకున్నాడు. తర్వాత లేచి మలుపు తిరిగాడు.