షూటింగ్ కోసం వేసిన తాళం

పీరు కుట్టిన సీటు మీద ఒక్కసారైనా కూర్చోని మనిషి బెజవాడలో ఉండడు. గవర్నర్‌పేటలో ఆటోలకి టాపులూ సీటు కవర్లూ కుట్టే షాపు అతనిది. ఏళ్ళ తరబడి అదే మిషను, అదే రెగ్జిన్ వాసన. కూర్చున్నవాళ్ళెవరూ ఇది కుట్టిందెవరని అడగలేదు, అడగాలని అతనూ అనుకోలేదు. అలాంటి మనిషిని వెతుక్కుంటూ హైదరాబాదు నుంచి ఒకమ్మాయి కెమెరా వేసుకుని వచ్చిందంటే అది షాపు చూసి కాదు. అతని డాబా చూసి.

ఇల్లు సింగ్‌నగర్ అవతల, బుడమేరుకి దగ్గర్లో ఒక ఇరుకు సందులో. కింద రెండు గదులు, బయట నుంచి మెట్లు, మెట్ల మొదట్లో ఇనప గేటు, పైన డాబా. రెండువేల ఇరవైనాలుగులో బుడమేరు పొంగి కాలనీల మీద పడినప్పుడు ఆ సందు సందంతా ఈ డాబా మీదే బతికింది. అందరూ ఒకేసారి మాత్రం ఎక్కలేదు. ఎదురింటి నాంచారమ్మ, ఆమె మొగుడు పేరయ్య ముందుగా సందు మూలమీదున్న మూడంతస్తుల మేడ దగ్గరికి వెళ్ళారు. ఎత్తైన మేడ, క్షేమమనుకున్నారు. గ్రిల్లుకి తాళం. పైనుంచి ఎవరో తొంగిచూసి చోటు లేదన్నారు. రొమ్ముల్లోతు నీళ్ళలో ఆ ఊచలు పట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డారు మొగుడూ పెళ్ళాం. పీరు లారీ ట్యూబు వేసుకుని వెళ్ళి ఇద్దర్నీ లాక్కొచ్చాడు. అప్పటికే పేరయ్య పెదాలు నల్లబడ్డాయి. ఆ చలికి పట్టుకున్న జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. నీళ్ళు తీసిన కొద్ది రోజులకే అతను పోయాడు.

బురద కడుక్కున్నాక నాంచారమ్మ చేసిన మొదటి పని, పీరు వాళ్ళ మెట్ల గేటుకి వేలాడే పాత తాళం పీకి, నడుచుకుంటూ వెళ్ళి బుడమేట్లో విసిరేయడం.

"ఈ మెట్లకి ఇంకెప్పుడూ తాళం పడకూడదురా పీరూ. పడితే నా మీద ఒట్టే."

"నా ఇంటి తాళం విసిరేసి నాకే ఒట్టు పెడతన్నావా అక్కా? కొత్తది కొనిస్తావనుకున్నా" అన్నాడు పీరు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

అప్పట్నుంచీ అది పీరు డాబా కాదు. మన డాబా. వానాకాలం రాకముందే ప్రతి ఇంటి నుంచీ ఒక బియ్యం డబ్బా పైకెక్కేది. పప్పులు, కొవ్వొత్తులు, బీపీ మాత్రలు, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చేవాళ్ళు. పీరు నాలుగు లారీ ట్యూబులకి ఆటో రెగ్జిన్ చుట్టి కుట్టి తెప్ప ఒకటి చేశాడు. సోలార్ దీపం పెట్టించాడు. నీళ్ళ డ్రమ్ములు నింపి మూత బిగించాడు. మిగతా రోజుల్లో నాంచారమ్మ ఎండు చేపలు అక్కడే ఆరేసేది. వాసన బట్టలకి పడుతోందని పీరు భార్య ఇష్రత్ దెబ్బలాడేది.

"మా చేపలు మీ చీరల్ని ఏమన్నాయమ్మా? పెళ్ళికి పిలిచాయా?"

"అందరూ నన్ను చూసి ఏం కూర అని అడుగుతున్నారు వదినా!"

సందు చివర ఉండే ముసలామె జమాల్ బీ గోడకి చేరబడి ఈ తగాదా వినడానికే రోజూ మెట్లెక్కేది.

పీరు షాపుకొచ్చే ఒక ఆటో డ్రైవరు ఆ తెప్పని వీడియో తీసి పెట్టాడు. అది ఎక్కడెక్కడో తిరిగి హైదరాబాదులో ఉండే సుస్మిత కంటపడింది. ప్రళయం వస్తుందని సిద్ధంగా కూర్చున్న మనుషుల మీద ఆమె డాక్యుమెంటరీలు తీస్తోంది. ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. ఎక్కడో కొండల్లో గడ్డం పెంచిన ఒక మగాడు. నేలకింద గది. గోడనిండా డబ్బాలు. ఏ చిన్న చప్పుడైనా తలుపు వైపు చూస్తాడు. వెనకాల ఒక గొంతు, ఇతను లోకాన్ని వదిలేశాడని గంభీరంగా చెబుతుంది. ఆ డబ్బాల్లో ఉప్పు ఎవరు తెచ్చారో, అతనికి జ్వరమొస్తే కషాయం ఎవరు కాస్తారో ఎవరూ చెప్పరు. పక్కింటివాళ్ళుంటే ఆ కథ నడవదు.

సుస్మిత చెడ్డపిల్ల కాదు. వచ్చీరాగానే జమాల్ బీ కాళ్ళకి దణ్ణం పెట్టింది. నాంచారమ్మ చేసిన కొరమీను పులుసు రెండుసార్లు వడ్డించుకుంది. నాంచారమ్మ చేత గంటసేపు మాట్లాడించింది, పేరయ్య సంగతికి ఆమెతోపాటు ఏడ్చింది కూడా. కానీ మొదటి రోజు సాయంత్రానికల్లా సందులోవాళ్ళని డాబా మీదికి రావద్దని బతిమాలుకుంది. చప్పుడు రికార్డవుతోందట. ఎండు చేపలు తీయించింది. ఇష్రత్‌ని కూడా కిందే ఉండమంది.

"అంకుల్, మీ దగ్గర ఆయుధాలేమైనా ఉన్నాయా?"

"ఆయుధాలేంటమ్మా? కొబ్బరిబోండాల కత్తి ఉంది."

"అది నూరుతూ ఉండండి. కెమెరా వైపు చూడకండి."

పీరు నూరాడు. ఆ కత్తి నూరాల్సిన అవసరం లేదని అతనికి తెలుసు. అయినా నూరాడు. నిజం చెప్పాలంటే అతనికి బాగానే ఉంది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు అతని మొహంలోకి ఎవరూ చూడలేదు. ఆ పిల్ల అతను చెప్పేది నోరు తెరుచుకుని వింటోంది. మీలాంటివాళ్ళ గురించి లోకానికి తెలియాలి అంకుల్ అంటోంది.

రెండో రోజు వెళ్ళిపోయే ముందు మెట్ల దగ్గర ఆగింది.

"గేటుకి తాళం వేసి, మీరొచ్చి తీస్తున్నట్టు ఒక్క షాట్ కావాలి."

"దీనికి తాళం లేదమ్మా. మేం వెయ్యం."

"ఒక్క నిమిషం అంకుల్. తాళం తీసేటప్పుడు ఆ చప్పుడుంటుంది చూడండి, దాంతోనే సినిమా మొదలవ్వాలి."

ఇష్రత్ కిటికీలోంచి ఉర్దూలో, వద్దు, ఒక్క నిమిషం కూడా వద్దు అంది. నటనే కదా అన్నాడు పీరు. బండి డిక్కీలోంచి షాపు తాళం తీశాడు. గేటుకి వేశాడు. కెమెరా మొదలవగానే నెమ్మదిగా, సుస్మిత చెప్పినట్టు అటూ ఇటూ చూసి, తీశాడు. మొదటిసారి చెయ్యి తడబడింది. ఇంకోసారి చేయించారు. రెండోసారి తడబడలేదు.

సినిమా వచ్చిన రోజు సందంతా నాంచారమ్మ ఇంట్లో టీవీ ముందు చేరింది. మిరపకాయ బజ్జీలు తెప్పించింది ఆమె. తను ఎర్రచీర కట్టుకుంది, టీవీలో కనబడబోతున్నానని.

మొదట చీకటి. టక్కుమని తాళం చప్పుడు. పీరు చెయ్యి. పీరు కళ్ళు, అటూ ఇటూ. తర్వాత మెట్లు, డబ్బాలు, కత్తి. వెనకాల గొంతు అతన్ని ఎవర్నీ నమ్మని మనిషి అంది. జనమంతా ఎగబడితే ఏం చేస్తారని సుస్మిత అడిగింది. తెర మీద పీరు, "ఊరంతా వస్తే ఎక్కడ పడతారు? ఎవర్నో ఒకర్ని ఆపాలి కదా" అన్నాడు. అసలు అతను ఆ రోజు అక్కడితో ఆగలేదు. ఆపాలి గానీ ఆపలేమమ్మా, మొన్న వరదలో ఎవర్నీ ఆపలేదు కదా అన్నాడు. అది లేదు. నాంచారమ్మ లేదు. పేరయ్య లేడు. జమాల్ బీది అయితే గోడ పక్కన చీర కొంగు ఒక్కటి కనబడి మాయమైంది.

సినిమా అయిపోయింది. బజ్జీల పళ్ళెం అలాగే ఉంది. నాంచారమ్మ లేచి టీవీ ఆపింది.

"తాళం ఎప్పుడు కొన్నావు పీరూ?"

"అది షూటింగ్ కోసం అక్కా. ఆ పిల్ల వెయ్యమంది. వేసి తీసేశా, అంతే. కావాలంటే ఇష్రత్‌ని అడుగు."

"నేను వద్దన్నాను" అంది ఇష్రత్, తలొంచుకుని.

"కత్తిరించింది వాళ్ళక్కా! నేను చెప్పిందంతా వెయ్యలేదు..."

"మాటలు వాళ్ళు కత్తిరించుకుంటారులే. అది వాళ్ళ పని." నాంచారమ్మ గొంతు పెంచలేదు. "షూటింగ్‌కే అనుకో. ఆ మెట్లకి తాళం వెయ్యడానికి నీకు చెయ్యెట్లా వచ్చిందిరా?"

 

గొడవేమీ జరగలేదు. జరిగితే బాగుండేది. ఆ వారంలో ఒక్కొక్కరే వచ్చి తమ డబ్బాలు దింపుకున్నారు. ఇంట్లో బియ్యం అయిపోయాయని ఒకరు, పురుగు పడుతోందని ఇంకొకరు. ఇష్రత్ ఒక్కో డబ్బా తుడిచి ఇచ్చింది. నాంచారమ్మ చేపలు ఆరేసుకోడానికి వేరే చోటు చూసుకుంది. డాబా మీద వాసన పోయింది. ఇష్రత్ బట్టలారేసి కిందికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. జమాల్ బీ మాత్రం డబ్బా అడగలేదు. మెట్లెక్కడమూ మానేసింది. మోకాళ్ళ నొప్పులంది.

పీరు సుస్మితకి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ తాళం ముక్క తీసేయొచ్చా?"

"అయ్యో అంకుల్, అది ఫెస్టివల్‌కి వెళ్ళిపోయింది. అందరికీ ఆ షాటే నచ్చింది తెలుసా! మిమ్మల్ని ఎంత మెచ్చుకుంటున్నారో."

"నాంచారక్క ఏదమ్మా? గంట మాట్లాడింది కదా నీతో."

"బాగా మాట్లాడారు. నాకూ ఉంచాలనే ఉంది. కానీ కథలో ఒక్క మనిషే ఉంటే బలంగా ఉంటుందన్నారు అంకుల్."

మెచ్చుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు. కంకిపాడు నుంచి చక్రి అనే ఆయన కారు పంపించాడు. స్థలాల వ్యాపారం ఆయనది. పొలం మధ్యలో ఇల్లు కట్టాడు. కరెంటు తీగ లేదు, అంతా సోలారు. బోరు సొంతం, ఆవులు సొంతం. చుట్టూ మనిషిన్నర ఎత్తు గోడ, గోడ మీద గాజుపెంకులు, కెమెరాలు. టెంట్లు కుట్టించుకోవాలట. కాఫీ ఇచ్చి పీరు భుజం మీద చెయ్యేశాడు.

"మీ సినిమా మూడుసార్లు చూశానండీ. మనిద్దరిదీ ఒకటే జాతి. రేపేదైనా జరిగితే ముందు మన మీద పడేది పక్కోళ్ళే. అవునా కాదా?"

గోడ అవతల చేలో వరి కోస్తున్నవాళ్ళు నవ్వుకుంటున్న చప్పుడు వినబడుతోంది. మీ ఆవుల పాలు ఎవరు పితుకుతారండీ అని అడిగాడు పీరు. ఆ గోడ అవతలివాళ్ళేనన్నాడు చక్రి, అందులో వింతేమీ లేనట్టు. పీరు కాఫీ సగంలో పెట్టేశాడు. టెంట్లు కుట్టడం తనకి రాదని అబద్ధమాడి బస్సెక్కాడు.

మర్నాడు వెల్డింగ్ షాపు మనిషిని పిలిచి మెట్ల గేటు మొత్తం కోయించి, పాత ఇనుము వాడికి వేసేశాడు. సందులో అందరూ చూశారు. సాయంత్రం నాంచారమ్మ చేపల బుట్ట దింపుతూ కనబడింది.

"గేటు తీయించేశా అక్కా."

"చూశానండీ" అంది. "గాలి బాగా వస్తదిలెండి."

ముప్పై ఏళ్ళుగా అతన్ని రా, పో అన్న మనిషి. 

తర్వాతి వానాకాలంలో పైన వర్షాలు పడ్డాయని, బుడమేరు పెరుగుతోందని ఒక మధ్యాహ్నం మైకు ఆటో సందులోకొచ్చి చెప్పింది. ముందుజాగ్రత్తగా స్కూల్లో ఏర్పాట్లు చేశారట. పీరు షాపు కట్టేసి పరుగున వచ్చాడు. ట్యూబుల్లో గాలి కొట్టాడు. డ్రమ్ములు నింపాడు. వారం ముందే సొంత డబ్బుతో అందరికీ సరిపడా బియ్యం తెచ్చి పెట్టాడు. సన్నగా జల్లు పడుతుంటే మెట్ల మొదట్లో నిలబడి, మూటలు పట్టుకుని బయల్దేరుతున్నవాళ్ళని పిలిచాడు.

"పైకి రండి! అన్నీ ఉన్నాయి. స్కూలు దాకా ఎందుకు?"

"మీకెందుకండీ ఇబ్బంది" అన్నారు ఒకరు. "గవర్నమెంటోళ్ళు భోజనాలు పెడతన్నారు కదండీ" అన్నారు ఇంకొకరు. నాంచారమ్మ జమాల్ బీని ఆటో ఎక్కిస్తోంది, తలెత్తలేదు.

సందు ఖాళీ అయింది. పీరు పైకెక్కి ట్యూబుల పక్కన కూర్చున్నాడు. ఇష్రత్ కూడా ఎక్కింది. చేతిలో బట్టల సంచి ఉంది.

"నేనూ పోతున్నా వాళ్ళతో."

"ఇక్కడ అన్నీ ఉన్నాయి కదే."

"అన్నీ ఉన్నాయి. మనిద్దరమే ఉన్నాం. ఇట్లా కూర్చుంటే ఆ సినిమాలో చూపించిందే నిజమవుద్ది." ఆమె మెట్లు దిగుతూ ఆగింది. "వస్తావా, రావా?"

వెళ్ళాడు.

స్కూలు గదిలో బెంచీలు ఒక పక్కకి నెట్టి చాపలు పరిచారు. సందువాళ్ళంతా ఒకే గదిలో ఉన్నారు, మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేంత ఇరుకుగా. నాంచారమ్మ ఇష్రత్‌ని చూసి కాళ్ళు ముడుచుకుంది. "రావే, ఇటు కూర్చో. తడిసిపోయావు." ఇష్రత్ ఆమె పక్కన ఒదిగిపోయింది. పీరు కూడా చెప్పులు విడిచి చాప అంచు మీద కూర్చోబోయాడు.

"అయ్యో, కింద ఎందుకండీ" అన్నారెవరో. వెంటనే ఇంకెవరో లేచి హెడ్మాస్టరు గదిలోంచి కుర్చీ తెచ్చి గోడ పక్కన వేశారు. చేతులున్న కుర్చీ. గదిలో అదొక్కటే.

"పర్లేదు, నేను కిందే కూర్చుంటా."

"కూర్చోండి పీరు గారూ" అంది నాంచారమ్మ. కోపం లేదు గొంతులో. వెతికినా లేదు. పులిహోర పొట్లం ఒకటి రెండు చేతులతో అందించింది, ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఇచ్చినట్టు.

పీరు పొట్లం తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. కింద వాళ్ళు ఒకరి పొట్లంలోంచి ఒకరు తీసుకుని తింటున్నారు. ఇష్రత్ చీర ఇంకా చేపల వాసనేస్తోందని నాంచారమ్మ ఏదో అంది, అందరూ నవ్వారు. అతనికి సరిగా వినబడలేదు. వంగి అడుగుదామనుకుని, అడగలేక, పొట్లం విప్పాడు.