ఏనాడూ నిరుద్యోగి కాని భీంరావు

భీంరావు మొదటిసారి ఒక మనిషి ఎముక విరగ్గొట్టింది మంజీరలో, బీర్కూర్ వైపు ఇసుక తీసే చోట. ఆ మనిషి సమ్మన్న అనే ముసలి రైతు. నదిలో ఇసుకంతా తోడేస్తుంటే తమ బోర్లు ఎండిపోతున్నాయని ఊరివాళ్ళను వెంటేసుకుని వచ్చి ట్రాక్టర్లకు అడ్డంగా కూర్చున్నాడు.

"లే పెద్దాయినా, బండ్లు పోవాలె," అన్నాడు భీంరావు.

"నా మీదికెల్లి పోనియ్యి. నేను లేవ," అన్నాడు సమ్మన్న. ముఖం పైకెత్తి, "ఎవరి కొడుకువురా నువ్వు? నీకు బువ్వ పెట్టిన తల్లి గిట్ల చెయ్యమన్నదా?" అని అడిగాడు.

ఆ ఒక్క మాట అడగకుండా ఉంటే కొట్టేవాణ్ణి కాదని భీంరావు తర్వాత చాలామందితో చెప్పాడు. చేతిలో ఉన్న జాకీ రాడ్డు ముసలాయన భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. సమ్మన్న అరవలేదు. పక్కకు ఒరిగిపోయి ఇసుకలో నోరు పెట్టి మూలిగాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు రాయి విసిరాడు. భీంరావు వాణ్ణి తరిమి మెడ పట్టుకుని నీళ్ళలో ముంచాడు. మిగతావాళ్ళు పరుగెత్తారు. కాసేపట్లో దారి ఖాళీ అయింది, ట్రాక్టర్లు కదిలాయి.

బండ్ల యజమాని రాజాబాబు బైకు మీద వచ్చి చూశాడు. భీంరావు వీపు తట్టి, "నీకు పని వచ్చిందిరా," అన్నాడు.

ఆ సాయంత్రం భీంరావు కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాడు. ముసలాయన ముఖం కలలోకి రాలేదు. తనలో భయపడాల్సింది ఏదైనా ఉంటే అదేనని చాలా రోజుల తర్వాత గాని అతనికి తోచలేదు.

తల్లి అంజవ్వకు మాత్రం తెల్లారేసరికి సంగతి తెలిసింది. బాన్సువాడలో ఆమె ఇల్లు ఒకటే గది, ముందు రేకుల పంచ. ఆ పంచలో కూర్చుని బీడీలు చుట్టి కొడుకును పెంచింది. భర్త పోయినప్పుడు భీంరావు ఇంకా బడికి కూడా పోవడం లేదు. ఆ ఉదయం అతను ముఖం కడుక్కుని రాగానే ఒళ్ళో ఉన్న చాటను తునికాకుతో సహా అతని ముఖాన కొట్టింది. చాట అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది.

"నీకు ఐటిఐ చదివిచ్చింది గిందుకేనారా? ముసలోళ్ళ బొక్కలు ఇరగ్గొట్టనీకా?"

"మరి ఏం చెయ్యాలె? చెప్పు. నువ్వే ఇప్పియ్యి పని," అని భీంరావు కూడా అరిచాడు. కంట్లోకి కారుతున్న రక్తాన్ని తుడుచుకోలేదు.

అతను వెతకలేదని అనడానికి లేదు. ఫిట్టర్ ట్రేడు పూర్తిచేసి, అదే బెంచీలో పక్కన కూర్చున్న కృష్ణతో కలిసి హైదరాబాద్ వెళ్ళాడు. ఇద్దరినీ ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌లుగా తీసుకున్నారు. ఏడాది కాగానే వాళ్ళను పంపేసి కొత్త అప్రెంటిస్‌లను తెచ్చుకున్నారు. తర్వాత గోదాములో డబ్బాలు మోశారు. అదీ పోయాక బాన్సువాడ వచ్చి పడ్డారు. కోతల కాలంలో రైసు మిల్లు దగ్గర బస్తాలు మోయడం, పెళ్ళిళ్ళ కాలంలో షామియానాలు కట్టడం, మిగతా రోజుల్లో పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడడం. ఒక పొద్దున అడ్డా మీద ఒక మేస్త్రీ ఒక్కరే కావాలంటే ఆరేడుగురు మీద పడ్డారు. ఆ తొక్కిసలాటలో భీంరావు ఒకడి ముక్కు మీద మోచేత్తో పొడిచి పని సంపాదించాడు. అది రోడ్డు అవతలి నుంచి చూసినవాడు రాజాబాబు.

"బండి నడపనీకి కృష్ణ చాలు. నిలబడనీకి నాకు నువ్వు కావాలె," అన్నాడు అతను. అట్లా ఇద్దరు స్నేహితులూ ఇసుకలోకి దిగారు.

సమ్మన్న భుజం విరిగిన వారంలోనే భీంరావు ఇంటికి సింధుజ వచ్చింది. ఉపాధి సర్వే కోసం కాంట్రాక్టు మీద తిరిగే అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. కొన్ని ఇళ్ళను ఎంచుకున్నారని, మళ్ళీ మళ్ళీ వస్తానని చెప్పి పంచలో కూర్చుంది.

"పోయిన వారంల ఏమన్న పని చేసిన్రా అన్నా? ఒక్క గంట చేసినా సరే."

"ఒక్క గంట చేస్తే పని ఉన్నట్టేనా?"

"మా లెక్కల అంతే."

"అయితే చేసిన. ఒకన్ని కొట్టిన."

సింధుజ నవ్వబోయింది. అతని కనుబొమ్మ మీది గాయం, పిడికిలి మీద లేచిన చర్మం చూసి నవ్వు ఆపుకుంది. "సరిగ్గ చెప్పన్నా. ఏం పని?"

"ట్రాక్టర్ల కాడ నిలబడుడు."

"కాపలా అని రాసుకుంట."

"ఆగు," అన్నాడు భీంరావు. "నేను ఫిట్టర్ని. ఫిట్టర్ పని దొరుకుతలేదు. నాకు పని లేదని రాయి."

"చదువు గురించి వేరేగా రాసుకుంట. కాని పని లేనోళ్ళంటే అసలు ఏ పనీ చెయ్యకుంట వెతుక్కునేటోళ్ళన్నా. మీరు చేస్తున్నరు కదా. పని ఉన్నోళ్ళల్లకే వస్తరు."

"వాడు చేసేది పనా?" అంది అంజవ్వ తలెత్తకుండా, బీడీకి దారం చుడుతూ. సింధుజ ట్యాబు మీద వేలితో తర్వాతి ప్రశ్నకు జరిగింది.

దేశంలో నిరుద్యోగం తగ్గిందని ఆ మధ్యే బస్టాండు దగ్గరి హోటల్లో టీవీ చెప్పింది. భీంరావు టీ గ్లాసు ఎత్తి గోడకేసి కొట్టాడు. హోటలు మనిషి అతని ముఖం చూసి గాజుపెంకులు ఊడ్చుకున్నాడు. అప్పటికే ఊళ్ళో అతనికి చెయ్యి చేసుకునేవాడన్న పేరు వచ్చేసింది. ఎదురుపడితే జనం తప్పుకునేవారు. ఎవడైనా తప్పుకోకపోతే భీంరావుకు చేతులు దురద పెట్టేవి.

ఆ దురదే కృష్ణ దాకా పోయింది.

ఒక రోజు ఏట్లో ట్రాక్టరు టైరు పగిలితే రాజాబాబు అందరి ముందూ కృష్ణ చెంప పగలగొట్టాడు. కృష్ణ తాళాలు అతని కాళ్ళ దగ్గర విసిరేసి వెళ్ళిపోయి వేరే యజమాని బండి ఎక్కాడు. అదే ఇసుకకు, అదే దారిలో రావడం మొదలుపెట్టాడు. రాజాబాబు భీంరావును పిలిచాడు.

"ఆపు వాన్ని. బండిని కాదు, వాన్ని."

మిట్టమధ్యాహ్నం ఏటి నడుమ, ఇసుక నింపుకుని వస్తున్న కృష్ణ ట్రాక్టరుకు భీంరావు ఎదురు నిలబడ్డాడు. కృష్ణ ఇంజను ఆపకుండానే పార పట్టుకుని దిగాడు.

"తప్పుకో భీమా."

"తిరిగి పో కృష్ణా. నిన్ను కొట్టబుద్ధి కాదు నాకు."

"కొట్టబుద్ధి కాదా? సమ్మన్నను కొట్టినప్పుడు బుద్ధయిందా? నేను బండి మీదికెల్లి చూసిన. నువ్వు నవ్వుతున్నవ్ రా."

తాను నవ్వానని భీంరావుకు అప్పటిదాకా తెలియదు. రాడ్డు లేచింది. పార పిడిని పట్టుకున్న కుడి చేతి మీద పడింది. మళ్ళీ పడింది. వేళ్ళు నలిగి పిడికి అంటుకుపోయాయి. కృష్ణ జంతువులా అరుస్తూ పార వదిలి, ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని పైకి ఎగబాకాడు. బండి ముందుకు దూకింది. భీంరావు పక్కకు దూకాడు గాని ఇసుకలో కాలు జారింది. నిండా ఇసుకున్న ట్రాలీ చక్రం అతని ఎడమ మోకాలి మీదుగా పోయింది.

కింద ఉన్నది మెత్తటి ఇసుక కాబట్టి కాలు తెగలేదన్నారు నిజామాబాద్ దవాఖానలో. లోపల ఇనుప పట్టీలు వేశారు, మోకాలు ఇక వంగదన్నారు. పోలీసులు కృష్ణ మీద హత్యాయత్నం కేసు పెట్టి జైలుకు పంపారు.

కొడుకు దవాఖానలో ఉండగా అంజవ్వ రాజాబాబు ఇంటికి పోయింది. అతను గేటు తెరవలేదు.

"నీ కొడుకు నా కాడ పని చేసిండని ఎవరు చెప్పిన్రు? గాడు ఖాళీగ తిరిగేటోడు. ఎవనితోనో కొట్లాడి కాలు ఇరగ్గొట్టుకున్నడు."

అంజవ్వ గేటును రెండు చేతులతో పట్టుకుని ఊపింది. చెప్పులు తీసి గేటు మీదుగా ఒకటొకటే విసిరింది. లోపలి మనుషులు వచ్చి ఆమెను తోసేస్తే రోడ్డు మీద పడి మోచేతులు కొట్టుకుపోయాయి.

భీంరావు ఇల్లు చేరాక మొదట వచ్చింది కృష్ణ భార్య లత. పంచలో మూలనున్న చీపురు తీసుకుని అతన్ని కొట్టసాగింది. తల మీద, భుజాల మీద, ముఖం మీద. చీపురు పుల్లలు విరిగాక చేతులతో కొట్టింది. ఇరుగుపొరుగు ఆపబోతే అంజవ్వ, "కొట్టనియ్యిండ్రి," అంది. భీంరావు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చివరికి లత అలిసి గోడకు చేరగిలబడింది.

"వాడు నిన్ను చంపనీకి రాలే. నువ్వు వాన్ని చంపనీకి పోయినవ్. వాడు జైల్ల, నువ్వు ఇంట్ల," అంది.

"స్టేషన్ల చెప్త," అన్నాడు భీంరావు. "నేనే ముందు కొట్టిన అని. రాజాబాబు పంపిండని."

చెప్పాలంటే రాజాబాబు దగ్గర పని చేసినట్టు ఏదో ఒక ఆధారం కావాలి. అట్లాంటిది ఏదీ లేదు. తోటి డ్రైవర్లు ఫోనెత్తలేదు. అప్పుడే సింధుజ మళ్ళీ వచ్చింది. భీంరావు గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అక్కా, పోయినసారి నాకు పని ఉన్నదని రాసుకున్నవ్ కదా. గా కాగితం ఇయ్యి. స్టేషన్ల చూపెడ్త."

సింధుజ ముఖం చిన్నబోయింది. "పేర్లు బయటికి ఇయ్యరన్నా. ఇచ్చినా లాభం లేదు. అండ్ల కాపలా అని ఉన్నది గాని, ఎవరి కాడ అని లేదు." కొంచెం ఆగి ట్యాబు తెరిచింది. "ఈ వారం ఏమన్న పని చేసిన్రా?"

"ఈ కాలుతోనా?"

"వెతికిన్రా? ఎవరన్న ఇస్తే చెయ్యనీకి తయారేనా?"

"డాక్టరు కదలొద్దన్నడు."

"అయితే... పని లేనోళ్ళల్ల రారన్నా."

"మరి పని ఉన్నోళ్ళల్ల?"

"అండ్ల గూడ రారు."

భీంరావు చంకకర్ర గాలిలో తిరిగింది. గోడకు తగిలి పెచ్చు ఊడి సింధుజ ఒళ్ళో పడింది. "చదువు అయిపోయినకాడికెల్లి నాకు పని లేదు! ఒక్కసారన్న రాసుకున్నవా? ఒక్కసారి!"

సింధుజ పారిపోలేదు. లేచి అతని ఎదురుగానే నిలబడింది. "కొడ్తవా? కొట్టు. వచ్చే నెల నా కాంట్రాక్టు గూడ అయిపోతది. ఇంట్ల కూసోని పక్కింటోళ్ళకు ఒక్క జాకెట్టు కుట్టిననుకో, నేను గూడ పని ఉన్నదాన్నే. నేను పెట్టిన రూల్ కాదిది."

ఆమె బట్టలు దులుపుకుని, మిగతా ప్రశ్నలు అంజవ్వను అడిగి పూర్తిచేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు భీంరావు ఆటోలో స్టేషనుకు వెళ్ళి, ఆధారం లేకుండానే చెప్పాల్సిందంతా చెప్పాడు. ముందు కొట్టింది తానేనన్నాడు, ఎట్లా కొట్టాడో చేతితో చూపించాడు. ఎస్ఐ రెండుసార్లు అడిగి రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. భీంరావు మీద కూడా కేసు అయింది. ఆ వాంగ్మూలంతో కృష్ణకు బెయిలు దొరికింది. రాజాబాబు పేరు కాగితంలోకి ఎక్కింది గాని అంతకు మించి ముందుకు సాగలేదు.

పేరు ఎక్కినందుకు మాత్రం పట్టపగలే రాజాబాబు మనుషులు ఇంటి మీదికి వచ్చారు. తునికాకు మూటలు రోడ్డు మీద పారబోశారు, రేకులు పీకారు, భీంరావును ఈడ్చి పక్కటెముకల్లో తన్నారు. అతను ఇంతకుముందు ఎట్లా కొట్టేవాడో వాళ్ళూ అట్లాగే, తొందర లేకుండా కొట్టారు. అంజవ్వ ఆకు కత్తిరించే కత్తెరను ఒకడి ముంజేతిలో దించింది. వాడు దాన్ని అట్లాగే చేతిలో పెట్టుకుని కేకలేస్తూ పరుగెత్తాడు. మిగతావాళ్ళు వాడి వెనకే పోయారు.

కోర్టు వాయిదా రోజు వరండాలో ఒకే బెంచీ ఖాళీగా ఉంది. భీంరావు కాలు చాపుకుని కూర్చున్నాడు. కృష్ణ వచ్చి కాసేపు నిలబడి, చివరికి పక్కనే కూర్చున్నాడు. అతని కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది.

"కాలు వంగుతదా?" అన్నాడు కృష్ణ, ఎటో చూస్తూ.

"వంగది."

"నాకు పిడికిలి రాదు. చెంచా గూడ పట్టలేను."

"కృష్ణా, నేను..."

మాట పూర్తి కాకముందే కృష్ణ మోచేయి అతని పక్కటెముకల్లో దిగింది. తన్నులు తిన్న చోటే తగిలింది. భీంరావుకు ఊపిరి ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరవకుండా, తిరిగి చెయ్యెత్తకుండా బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

బంట్రోతు ఇద్దరి పేర్లూ పిలిచాడు. భీంరావు గోడ పట్టుకుని, చంకకర్ర వెతుక్కుని లేచేలోపల కృష్ణ అతని కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు.