తాతప్పకు సున్నం

పాటలు, బొమ్మలు, నక్షత్రాలు, పాత రాళ్లు... ఇంట్లోనే అమ్మ దగ్గర చదువుకున్న నాకు వీటన్నిటి మీదా చిన్నప్పటి నుంచి పిచ్చి. ఆ పిచ్చితోనే కాకినాడ నుంచి హోసూరు వచ్చి, కావేరిపట్టణం దగ్గర మామిడితోటలో ఉన్న వీరగల్లు చూడబోయాను. పశువుల మందను కాపాడుతూ చనిపోయిన వీరుడి రాయి అది. కత్తి పట్టిన బొమ్మ కింద పాత అక్షరాలున్నాయి. ఏళ్ల నాటి సున్నం పేరుకుని ఫోటోలో ఒక్కటీ తెలియడం లేదు.

అంతలోనే తోట యజమానురాలు సున్నం బకెట్టుతో వచ్చింది.

"కడిగి చదువుకుంటాను, ఒక్క గంట ఆగండమ్మా," అని బతిమాలాను.

"ఆగేదెట్లమ్మా? కూతురి పెండ్లి. ఈ రాయే మా తాతప్ప. ఆయనకు సున్నం కొట్టి పెండ్లికి పిలవకుండా మేము పందిరి వేయము."

"ఆ తాతప్ప పేరు ఈ అక్షరాల్లోనే ఉండొచ్చు కదా!"

"పేరెందుకు? నీ తాతను నువ్వు పేరు పెట్టి పిలుస్తావా?"

తల పట్టుకున్నాను. ఆమెకు జాలేసినట్టుంది, కుంచె నా చేతిలో పెట్టింది.

"అంత దూరం నుంచి ఆయన కోసమే వచ్చినావు. మొదటి పూత నువ్వే వెయ్యి."

బయటివాళ్లకు ఇవ్వని గౌరవమట. దేవుడి పనికి పిలిస్తే కాదనడం నాకు చేతకాదు. లోపల ఉడికిపోతూనే దండం పెట్టుకుని, చదవాలని వచ్చిన అక్షరాలకు నా చేత్తోనే సున్నం పూశాను. చివరి వరుసలో ఒక్క మూల మాత్రం మెల్లగా తప్పించాను.

"ఆడ వదిలేసినావు చూడమ్మా," అందామె.

అదీ పూశాను.