మెకానిక్ అన్న ‘వలదు’

1956 జూన్ 9, శనివారం. మధ్యాహ్నం మూడు గంటలు. మద్రాసు జార్జిటౌనులో మా షావుకారు గారి పప్పుల మండీ వెనక దొడ్డి.

హాజరైనవారు: షావుకారు గారి తల్లి, ఆ ఇంటి కారు డ్రైవరు, గుమాస్తాగా చేరి మూడు వారాలైన నేను.

ఆనాటి డైరీ పేజీలో ఇంతవరకే రాత కుదురుగా ఉంది. కింద అంతా కొట్టివేతలు.

కారు నల్లది, యుద్ధానికి ముందుది. నెలరోజులుగా వెనక నుంచి కీచుమంటోంది. పెద్దావిడ ప్రతి శుక్రవారం తిరువొత్తియూరు గుడికి అందులోనే వెళ్ళేవారు. ఆ చప్పుడుకు తలనొప్పి వస్తోందని రెండు వారాలు మానేశారు. డ్రైవరు గుంతల్లో ఇష్టం వచ్చినట్టు తోలడం వల్లే ఆ చప్పుడని షావుకారు గారి అనుమానం. మంగళవారం డ్రైవరుకు నన్ను తోడిచ్చి, కారును వ్యాసర్పాడిలో ఒక మరమ్మతు షెడ్డుకు పంపారు. మెకానిక్ ఏమంటాడో రాసుకు రమ్మన్నారు. ‘విప్పనక్కరలేదు’ అని రాసుకొచ్చాను.

ఆ కాగితం చూసి శుక్రవారం సాయంత్రం ఆయన డ్రైవరును పిలిచారు. బండిలో లోపం లేదట, లోపం నీ చేతిలోనే ఉందన్నారు. సోమవారం నుంచి వేరే మనిషి వస్తాడన్నారు. పదకొండేళ్ళుగా ఆ కారు తోలినవాడు. యాభై దాటాయి. ఆ వయసువాణ్ణి కొత్తగా ఎవరూ పెట్టుకోరు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కాగితంలో తప్పుందని కాదు, అప్పటికి అది నాకు తెలియదు. నేను రాసిన రెండు మాటలు ఒక మనిషి అన్నం తీసేశాయన్నదే మనసులో తిరుగుతూ ఉంది. శనివారం షావుకారు గారు బజారుకు వెళ్ళగానే, ఆ చప్పుడేదో మనమే పట్టుకుందామని డ్రైవరును అడిగాను. పట్టుకుని ఏం చేస్తారన్నాడు. అయినా తాళం తీశాడు.

నా పద్ధతి ఒకటే. అనుమానం ఉన్నవన్నీ రాసుకుని, ఒక్కొక్కటే కొట్టేయడం. తలుపులు ఊపాం. కొట్టేశాను. నంబరు పలక బిగించాం. కొట్టేశాను. వెనక సీటు పీకి నేల మీద పెట్టి, దాని మీద నేను ఎగిరి కూర్చున్నాను. దాన్నీ కొట్టేశాను. చివరికి ఇద్దరం బండిని వెనక నుంచి పట్టి ఊపాం. చప్పుడే లేదు.

పిట్టగోడ మీద కూర్చుని చూస్తున్న పెద్దావిడ నవ్వారు. “నేను ఎక్కితే గదరా అది అరిచేది. మీ ఎముకలకి అరస్తాదా?” అన్నారు.

సీటు మళ్ళీ బిగించి ఆవిడను ఎక్కించాం. డ్రైవరు ఊపాడు. ఆవిడ ఎడమ పక్కన కూర్చుంటే ఏమీ లేదు. కుడి పక్కకు జరగగానే కీచుమంది. ఎడమకు జరగమన్నాను. ఆగింది. కుడికి జరగమన్నాను. వచ్చింది. నాలుగోసారికి ఆవిడ విసుక్కున్నారు.

“లోపం ఉంది గదండి. మరి మెకానిక్ వద్దన్నాడేమిటి?” అన్నాను.

“ఏమని అన్నాడు? ఆ మాట చెప్పండి,” అన్నాడు డ్రైవరు.

మంగళవారం ఇతను ఇంజను ఆపకుండా స్టీరింగు దగ్గరే ఉన్నాడు, బయటి మాటలు వినపడలేదు. కారు కింద పడుకున్న మెకానిక్‌ను, ఏదైనా విప్పాలా అని నేను తెలుగులోనే అడిగాను. అతను వెనక చక్రం వైపు చెయ్యి ఊపుతూ రెండుసార్లు ఒకే మాట అన్నాడు. మిగతా అరవం నాకు అర్థం కాలేదు, తల ఊపాను. గోదావరి ఒడ్డు బళ్ళో పద్యాలు వల్లించి వచ్చినవాణ్ణి. ఆ ఒక్క మాట మాత్రం బాగా అర్థమైందనుకున్నాను.

“వలదు, వలదు అన్నాడండి,” అన్నాను.

డ్రైవరు బండి మీద నుంచి చెయ్యి తీశాడు. “వలదంటే వద్దని కాదు సామీ. అరవంలో కుడి పక్క.”

పెద్దావిడ కారులో నుంచే ఫక్కున నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి, కుడి వెనక చక్రం పక్కన బండి బరువు మోసే కమాను పట్టీల చివర, బుష్షు అనే రబ్బరు తొడుగు మీద పోశాడు. బండి ఊపాడు. చప్పుడు పోయింది. తడి ఆరేదాకా ఆగి మళ్ళీ ఊపాడు. కీచుమంది.

“పదకొండేళ్ళు నేనీడ ఉండాను,” అన్నాడు నా వైపు చూడకుండా. “మీరొచ్చి మూడు వారాలు. అయ్య మీ కాగితాన్ని నమ్మినాడు.”

కొడుక్కి ఈ సంగతి తాను చెప్పనని, నేనే చెప్పుకోవాలని పెద్దావిడ అన్నారు. సాయంత్రం షావుకారు గారు వచ్చాక గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఎవరో వ్యాపారి ఉన్నాడు. తక్కిన రెండుసార్లూ ఆయన ఒక్కరే ఉన్నా వెనక్కి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం ఉదయం ఏడింటికి ఆయన కాఫీ తాగుతుండగా వెళ్ళి చెప్పేశాను. బుష్షు సంగతి ముందు, వలదు సంగతి తరవాత. ఆయన గ్లాసు కింద పెట్టారు. ఇది ఎప్పుడు తెలిసిందని అడిగారు. నిన్న మధ్యాహ్నం అన్నాను. నిన్ననే ఎందుకు చెప్పలేదన్నారు. మూడుసార్లు గుమ్మం దాకా వచ్చానన్నాను. “పో, పోయి వాణ్ణి పిల్చుకోనిరా,” అన్నారు.

డ్రైవరు ఇల్లు కూడా వ్యాసర్పాడిలోనే. అక్కడిదాకా నడిచాను. డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో బైబిలుతో, భార్యతో కలిసి గుమ్మం దిగుతున్నాడు. అయ్య పిలుస్తున్నారని, తప్పు నాదేనని చెప్పానని అన్నాను. అతను భార్యను ముందు నడవమన్నాడు.

“రేపు పొద్దున ఆరింటికి వస్తానని చెప్పండి. బుష్షు మార్చేదానికి ముందు బండిని షెడ్డుకు తీసుకుపోవాల,” అన్నాడు. “ఈపొద్దు ఆదివారం.”

వాళ్ళిద్దరూ చర్చి వైపు తిరిగారు. నేను మండీకి తిరిగి వచ్చి, రేపు వస్తాడని చెప్పాను. షావుకారు గారు సరేనన్నారు, కొత్త మనిషికి రావద్దని కబురు పెట్టమన్నారు.