ఇంటి పెద్ద అన్న గడి

ధౌలా కువాన్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పాలమూరు ఆవిడ, ఈ హిందీ నగరంలో నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, తన రేషన్ కార్డు దరఖాస్తు నా ఒళ్ళో పెట్టింది.

"రెండుసార్లు తిప్పి పంపిండ్రక్కా, ఎందుకో చెప్పరు. ఇయ్యాల గూడ కాకుంటే పిల్లలకు మళ్ళ కొనుడు బియ్యమే."

ఇంటి పెద్ద అన్న గడిలో భర్త పేరుంది.

"మీ ఇంట్లో నీకంటే పెద్ద ఆడవాళ్ళున్నారా?"

"లేరు."

"అయితే రేషన్ కార్డుకి చట్టం ప్రకారం ఇంటి పెద్దవి నువ్వే! ఆయన పేరు కొట్టెయ్."

"పెనిమిటి పేరు నా చేత్తోని కొట్టేస్తనా? పాపం గాదూ!"

"పేరు కొట్టేస్తే మనిషి పోతాడటమ్మా?" అని నేను వాదనకు దిగేలోపే ఆమె సంచిలోంచి ఖాళీ ఫారం తీసింది. నేను నింపాను. ఆమె సంతకం పెట్టి, వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ఇంటి పెద్దను మాట్లాడుతున్న! కూర తరిగి పెట్టు!"

తన స్టాపు రాగానే దిగి, కాగితం ఊపుకుంటూ ఆఫీసు వైపు పరుగెత్తింది. కిటికీలోంచి నేనూ చెయ్యి ఊపాను, చిన్నపిల్లలా.

నేను దిగాల్సిన సాకేత్ స్టాపు వచ్చేసరికి గుర్తొచ్చింది. ఇంత నోరున్న నేను, ఇన్నేళ్ళుగా ప్రతి ఫారంలోనూ ఆ గడిలో మావారి పేరే రాస్తున్నాను, ఎవరూ రాయమనకుండానే.