కుషన్ బాబాయి పడుకుని కొన్న ట్యాబ్

మా వీధి చివర మందుల షాపును ఆనుకుని ఒక ఇల్లుంది. ఆ ఇంటి ముందు గదిలో ఎప్పుడు చూసినా నాలుగైదు సోఫాలు, కుర్చీలు కాళ్ళు పైకెత్తుకుని పడి ఉంటాయి. ఆ గదిలో పని చేసే ఆయన్ని అందరూ కుషన్ బాబాయి అంటారు. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా బాబాయనే పిలుస్తారు. కుంగిపోయిన స్పాంజి మార్చడం, స్ప్రింగులు బిగించడం, చిరిగిన సీట్లకు కొత్త రెగ్జిన్ వేయడం ఆయన పని. కవర్లు కుట్టేది పిన్ని. గది కిటికీ దగ్గర ఆవిడ మిషన్ ఉంటుంది. ఆయన కొలతలు చెబితే ఆవిడ కుడుతుంది, ఆవిడ కుట్టినదాన్ని ఆయన లాగి బిగించి మేకులు కొడతాడు.

ఒకరోజు పళ్ళ డాక్టరు గారి దగ్గర నుంచి ముగ్గురు కూర్చునే పాత సోఫా ఒకటి వచ్చింది. బాబాయి దాన్ని ఒక్కడే పక్కకు జరపబోయాడు.

"మా తమ్ముడు వస్తున్నాడు, కాసేపు ఆగండి. ఇద్దరూ కలిసి పట్టుకోవచ్చు" అంది పిన్ని.

"వాడొచ్చి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టేలోపు నేనే జరిపేస్తాను" అని బాబాయి వంగి పట్టుకున్నాడు.

సోఫా జరగలేదు. నడుము జరిగింది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు తీయించి, మందులు రాసి, బల్లలా గట్టిగా ఉండే మంచం మీద వెల్లకిలా పడుకోమన్నాడు. "నిలబడొచ్చు. మెల్లగా నాలుగడుగులు వేయొచ్చు. కూర్చోవడం మాత్రం కుదరదు. నేను చెప్పేదాకా ఏ కుర్చీ జోలికీ వెళ్ళకండి" అన్నాడు. వింటున్న పిన్నికి భయంతో పాటు నవ్వు కూడా వచ్చింది. ఊరందరినీ మెత్తగా కూర్చోబెట్టే మనిషికి కూర్చోవడమే నిషేధం!

ఇంట్లో అలాంటి మంచం వెనక గదిలో ఒక్కటే ఉంది. గోడకు ఆనించిన చెక్క మంచం అది. కిటికీ చిన్నది, పైన ఫ్యాను. టీవీ మధ్య గది గోడకు ఉంది. బాబాయికి అందులోంచి మాటలు వినిపిస్తాయి గానీ బొమ్మ కనిపించదు. మొదటి రెండు రోజులు నొప్పితో మూలుగుతూ గడిపేశాడు. నొప్పి కాస్త తగ్గగానే అసలు కష్టాలు మొదలయ్యాయి. ఆయనకి కాదు, పిన్నికి.

"ఇదిగో, ఇప్పుడు ఏడ్చిందెవరు?" అని వెనక గదిలోంచి కేక.

"అత్తగారు" అని మధ్య గదిలోంచి జవాబు.

"ఎందుకూ?"

"ఇంకా తెలీదు."

"తెలిస్తే చెప్పు. ఆ తలుపు వేసిందెవరు?"

"ఎవరూ వేయలేదు. అది మన తలుపే. గాలికి పడింది."

ఇలా అయితే తాను చూసేది లేదు, ఆయన వినేది లేదు అని పిన్ని టీవీ కట్టేసింది. అప్పుడు బాబాయి ఫోను పట్టుకున్నాడు. పడుకుని మొహం మీద ఫోను పెట్టుకుని సినిమా చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. కళ్ళు లాగుతున్నాయి. ఒక మధ్యాహ్నం కునుకు పట్టి, చేతిలోంచి ఫోను జారి ముక్కు మీద పడింది. ముక్కు ఎర్రగా వాచింది. నడుముకి రాసుకునే మందును ముక్కుకి రాయొచ్చా అని పిన్ని డాక్టరుకి ఫోను చేసి అడిగింది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. కొరియర్ ఆఫీసులో పని చేస్తాడు. లోకంలో ఏ వస్తువు గురించైనా అతనికి ఒక అభిప్రాయం ఉంటుంది. బావ ముక్కు చూసి, విషయం విని, "దీనికి ఒకటే మందు. ట్యాబ్లెట్" అన్నాడు.

"డాక్టరు రాసినవే గుప్పెడున్నాయి. మళ్ళీ ఇంకో ట్యాబ్లెట్టా?" అంది పిన్ని.

"అది కాదక్కా. ఫోనుకి అన్నలాంటిది. పెద్ద అద్దం ఉంటుంది చూడు, మా మేనేజరు దగ్గరుంటుంది. పన్నెండంగుళాలది తీసుకుందాం. ప్రాసెసరు మంచిది ఉండాలి, కెమెరా బాగుండాలి, సిమ్ కూడా వేసుకునేలా ఉండాలి."

"కెమెరా ఎందుకయ్యా?" అన్నాడు బాబాయి పైకి చూస్తూ. "ఫ్యానుకి ఫోటో తీయనా?"

"ఫ్యాను కాదు బావా, ముందు ముందు పనికొస్తుంది."

"ముందు ముందు నేను లేచి తిరుగుతాను. నాకు ఇప్పుడు కావాల్సింది సినిమా. ఇంట్లో నెట్టుంది కదా, సిమ్ముతో పనేముంది? ఒకటే మాట. చవగ్గా ఉండాలి, చిన్నగా ఉండాలి, మొహం మీద పడ్డా ప్రాణం పోకూడదు."

బావమరిది ఫోనులోనే ఆర్డరు పెట్టేస్తానన్నాడు. బాబాయి ససేమిరా అన్నాడు. కూర్చుని చూడకుండా సోఫా తీసుకోమని తాను ఏనాడూ ఎవరికీ చెప్పలేదని, పడుకుని చూడకుండా ట్యాబ్ తానూ తీసుకోనని తేల్చి చెప్పాడు. నడవొచ్చని డాక్టరు అన్నాడు కదా, రెండు వీధుల అవతలే షాపుంది కదా అని పట్టుబట్టాడు. పిన్ని బతిమాలింది, కోప్పడింది, చివరికి నడుముకి బెల్టు బిగించి ఆయన వెంట నడిచింది. బావమరిది ఆటో ఎక్కించబోయి, ఆటోలోనూ కూర్చోవాలని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

షాపులో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు దాటాక లోపలి కౌంటరులో ట్యాబ్‌లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అక్కడున్న అమ్మాయి, "ఎవరికోసం అంకుల్? పిల్లల చదువుకా?" అని అడిగింది.

"నాకే తల్లీ. పడుకుని సినిమాలు చూడ్డానికి. ఇక్కడ పడుకునే చోటేమైనా ఉందా?"

ఆ అమ్మాయి ఒక క్షణం తెల్లబోయింది. పిన్ని జరిగిందంతా చెప్పింది. అమ్మాయికి నవ్వొచ్చింది, జాలీ వేసింది. కస్టమర్లు కూర్చునే పొడుగు బల్ల ఖాళీగా ఉంటే దాన్ని చూపించింది. బాబాయి పిన్ని భుజం పట్టుకుని మెల్లగా దాని మీద ఒరిగి, కాళ్ళు చాపుకుని, చేతులు రెండూ పైకెత్తాడు. "ఊఁ, ఒక్కొక్కటీ ఇవ్వమ్మా" అన్నాడు.

బావమరిది పరువు పోయిందనుకుని వాషింగ్ మెషిన్ల వెనక్కి వెళ్ళి, వాటి మూతలు తెరిచి చూస్తున్నట్టు నిలబడ్డాడు.

మొదట పన్నెండంగుళాలది వచ్చింది. బొమ్మ అద్భుతంగా ఉంది. కానీ ఒక పాట సగం కాకముందే బాబాయి చేతులు వణకడం మొదలుపెట్టాయి. "ఇది చూడ్డానికి కాదు, కండలు పెంచడానికి" అని తిరిగిచ్చేశాడు. రెండోది దూదిలా తేలిగ్గా ఉంది, ధర కూడా బాగా తక్కువ. కొంచెం వంచి చూస్తే మాత్రం హీరో మొహం బొగ్గులా అయిపోతోంది. "పక్కన నేను కూర్చుని చూస్తే నాకు దయ్యాలే కనిపిస్తాయి" అంది పిన్ని. మూడోది పట్టుకోగానే అందులోంచి మాట రావడం ఆగిపోయింది. స్పీకరు ఒకవైపే ఉంది, బాబాయి అరచెయ్యి దానికి అడ్డంగా పడింది. చెయ్యి తీస్తే మాట వస్తోంది, ట్యాబ్ జారుతోంది.

ఈలోగా ఫ్యాను కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ బల్ల మీద పడుకున్న మనిషిని చూసి, "అయ్యో, ఎవరో పడిపోయారు! నీళ్ళు తెండి నీళ్ళు!" అని గోల పెట్టింది. నలుగురు మూగారు. ఒకాయన గబగబా సీసా మూత తీసి బాబాయి మొహం మీద నీళ్ళు చిలకరించాడు.

"ఒరే నాయనా, నేను బతికే ఉన్నాను! ట్యాబ్ తడుస్తుంది, ముందు అది పట్టుకోండి!" అని అరిచాడు బాబాయి.

మూగినవాళ్ళు సంగతి తెలుసుకుని వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డారు. నీళ్ళు చల్లినాయన తప్పు దిద్దుకోవాలన్నట్టు ట్యాబ్‌లు అందించే పని తీసుకున్నాడు. ఆఖరికి షాపు అమ్మాయి కింద అరలోంచి ఎనిమిదంగుళాలది ఒకటి తీసింది. "ఇది పెద్ద పేరున్నది కాదు అంకుల్. దీంతో ఆటలవీ ఆడలేరు, ఫోటోలు బాగా రావు. కానీ స్పీకర్లు రెండువైపులా ఉన్నాయి, బరువు లేదు" అంది. అప్పటికప్పుడు అందులో సినిమా యాప్ తెరిచి, షాపు నెట్ మీద ఒక సినిమా వేసి చూపించింది. "కొన్ని చవక ట్యాబుల్లో అద్దం బాగున్నా ఈ యాపులు బొమ్మని మసకగానే చూపిస్తాయి. కొనేముందు ఇలా వేసి చూసుకోవాలి. దీంట్లో బాగానే వస్తోంది, చూడండి."

బాబాయి చూశాడు. హీరోయిన్ చెవి కమ్మలు కూడా స్పష్టంగా ఉన్నాయి. కాకపోతే ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా బొమ్మ అడ్డం తిరిగి నిలువయ్యి, మళ్ళీ అడ్డమవుతోంది. అమ్మాయి ఒకచోట నొక్కి దాన్ని తిరగకుండా కట్టేసింది. ఇక బాబాయి కిందకి దింపమన్నా దింపలేదు. సినిమాలో పెళ్ళి ఆగిపోయేదాకా చూసి అప్పుడు లేచాడు.

"ఇదే" అన్నాడు. మూగినవాళ్ళలో ఇద్దరు చప్పట్లు కొట్టారు. పెద్దావిడ కూడా ఫ్యాను సంగతి మరిచిపోయి, తనకూ అలాంటిది ఒకటి చూపించమంది.

ఇంటికొచ్చాక, చేత్తో ఎంతసేపని పట్టుకుంటారని పిన్నే ఒక ఉపాయం చెప్పింది. మంచం పైన గోడల మధ్య బట్టలు ఆరేసుకునే ఇనప గొట్టం ఉంది. దానికి రెండు నవారు పట్టీలు వేలాడదీసి, కింద రెగ్జిన్‌తో ఒక సంచి కుట్టి, దానికి అద్దమంత కిటికీ కోసి ట్యాబ్‌ని బోర్లా అందులో పెడదామంది. బాబాయి పడుకున్నచోటి నుంచే కొలతలు చెప్పాడు. ఆవిడ కుట్టింది. బావమరిది స్టూలెక్కి కట్టాడు, కడుతూనే ఇలా కాదు అలా కట్టాలని తనకి తానే సలహా ఇచ్చుకున్నాడు. ట్యాబ్ బాబాయి మొహానికి మూరెడు ఎత్తులో, ఊగకుండా, చక్కగా నిలిచింది.

అయితే ఒక చిక్కు. నేల చూపులు చూస్తూ వేలాడే ఆ ట్యాబ్‌ని పడుకున్నవాళ్ళే చూడగలరు. పిన్ని మంచం పక్కన కుర్చీ వేసుకుని మెడ వంచి చూసింది. మెడ పట్టేసింది. మర్నాడు భోజనాలయ్యాక, "కొంచెం జరగండి" అని ఆయన పక్కనే నడుం వాల్చింది. పెళ్ళయినప్పటి నుంచీ పగటిపూట ఆవిడ పడుకున్నది జ్వరం వచ్చినప్పుడే. మొదట ఐదు నిమిషాలకోసారి పొయ్యి గుర్తొచ్చి లేవబోయేది. వారం తిరిగేసరికి లేవడం మానేసింది.

అప్పుడే ఆవిడకి తన మొగుడి గురించి ఒక కొత్త సంగతి తెలిసింది. ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకే గదిలో పని చేశారు. కానీ ఆవిడ మిషన్ గడగడలాడుతూ ఉండేది, ఆయన నోటినిండా చిన్న మేకులు ఉండేవి. ఒక్కొక్కటీ పెదాల మధ్యకు తెచ్చుకుని కొట్టడం ఆయనకు అలవాటు. ఏది అడిగినా "ఊఁ" అనేవాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషని ఆవిడ అందరికీ చెప్పుకునేది. ఇప్పుడు నోట్లో మేకులు లేవు. మాటలు వరదలా వచ్చి పడ్డాయి.

"అటు చూడు, ఆ సోఫా చూడు. గుడ్డ అడ్డంగా కోశారు, గీతలు కలవలేదు."

"వాళ్ళ నాన్న చచ్చిపోతున్నాడండీ!"

"పాపం. అయినా అలాంటి కుర్చీలో కూర్చోబెడితే ఎవరు మాత్రం బతుకుతారు? వెనకాల ఆసరానే లేదు."

కథలో ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని ఆవిడ చూస్తే, ఎవరింట్లో స్పాంజి, ఎవరింట్లో స్ప్రింగులు అని ఆయన చూశాడు. ఒక సినిమాలో దొంగ ఎవరో ఆవిడకంటే ముందే చెప్పేశాడు కూడా. గుమాస్తా ఇంట్లో అంత ఖరీదైన తోలు సోఫా ఎక్కడిదని ఆయన అనుమానం. అది నిజమైంది. పిన్ని నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. ఒక్కోరోజు విసుక్కుంది కూడా. "నోరు కాస్త కట్టేసుకోండి, మాటలు వినిపించడం లేదు" అనేది. ఆయన ఊరుకుంటే మాత్రం, "ఏంటి, మాట్లాడరేం? ఆ మంచం ఎలా ఉందంటారు?" అని ఆవిడే కదిపేది. ఇదంతా పిన్ని మా అమ్మకి చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి! కొత్తగా సంబంధం కుదిరిన పిల్లలా వెలిగిపోయింది.

ఒక ఆదివారం బావమరిది ట్యాబ్ ఎలా పని చేస్తోందో చూద్దామని వచ్చి, కాసేపని మంచం అంచున ఒరిగాడు. ముగ్గురూ అగ్గిపెట్టెలో పుల్లల్లా పడుకుని రెండు సినిమాలు చూశారు. "పన్నెండంగుళాలదైతే ఇంకా బాగుండేది" అన్నాడు బావమరిది. "అది తెగి మీద పడితే ముగ్గురం ఒకేసారి పోయేవాళ్ళం" అన్నాడు బాబాయి.

కొన్నాళ్ళకి డాక్టరు పరీక్ష చేసి, ఇక కూర్చోవచ్చన్నాడు. బాబాయి ఇంటికి వచ్చి, ముందు గదిలో ఉన్నవాటిలోకెల్లా మంచి సోఫా ఎంచుకుని, దేవుడి ఎదుట కూర్చున్నంత భక్తిగా కూర్చున్నాడు. పిన్ని ట్యాబ్‌ని సంచిలోంచి తీసి ఎదురుగా స్టూలు మీద నిలబెట్టి, నిన్న సగంలో ఆపిన సినిమా పెట్టింది. ఇద్దరూ పక్కపక్కనే బుద్ధిగా కూర్చుని చూడటం మొదలుపెట్టారు. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూసి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు. పిన్నికి పక్కనే మిషన్ మీద ఉన్న కవరు కనిపిస్తోంది. బాబాయి ఒక్క మాటా అనలేదు.

"ఏంటండీ, నడుము నొప్పిగా ఉందా?"

"లేదు. బాగానే ఉంది. సినిమాయే ఎందుకో చిన్నదైపోయినట్టుంది."

పిన్ని లేచి ట్యాబ్ తీసుకుంది. "పదండి, వెనక్కి పోదాం. మీరు గోడవైపు పడుకోండి."

ఆ సినిమా ఏమీ బాగాలేదట. ఇద్దరూ దాన్ని తిట్టుకుంటూ ఆఖరుదాకా చూసి, వెంటనే దాని రెండో భాగం కూడా పెట్టుకున్నారు.