పొద్దుటి చేతులతో చేసిన కార్డు

ఆ రోజు పొద్దున్న కత్తెర మూసుకోలేదు. కత్తెరకేమీ కాలేదు, నా వేళ్ళే దగ్గరికి రాలేదు.

దుర్గాపూజకి ఇంకా కొద్ది రోజులున్నాయి. బెంగాల్లో సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా భోజనాల బల్ల మీద రంగు కాగితాలు, జిగురు, చిన్న కత్తెర పరుచుకుని కూర్చున్నాను. తెలిసినవాళ్ళకి నా చేత్తో కార్డు చేసి ఇవ్వడం నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. బెంగాలీ స్నేహితులకి దసరా నాటి బిజోయాకి, మనవాళ్ళకి ఉగాదికి, పిల్లల పుట్టినరోజులకి, ఎవరికైనా బదిలీ అయితే వీడ్కోలుకి. తెల్ల కాగితాన్ని మడత మీద మడత పెట్టి, అంచుల్లో చుక్కల ముగ్గు వచ్చేలా కత్తిరించి, విప్పి, రంగు అట్ట మీద అంటిస్తాను. మా అమ్మ వేసిన ముగ్గులే అవి. మూడో అంతస్తు క్వార్టరుకి వాకిలి ఎక్కడిది? అందుకని కాగితం మీదకి ఎక్కించాను.

మావారు డ్యూటీకి బయల్దేరుతూ చూశారు. "ఏటి సరోజా, కత్తెర పట్టుకుని అలాగే కూకున్నావు?"

"వేళ్ళు ముడుచుకోడం లేదండీ."

"నిన్నంతా కత్తిరింపులే కదేటి. పట్టేసుంటాయి. కాస్త నూనె రాసుకో."

రాసుకున్నాను. మధ్యాహ్నానికి వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. సాయంత్రం మిగతా కార్డులన్నీ పూర్తి చేసి, ఆ సంగతే మర్చిపోయాను.

చలికాలం వచ్చేసరికి మర్చిపోయే వీల్లేకుండా పోయింది. లేవగానే రెండు చేతులూ నావి కానట్టుండేవి. టూత్ పేస్టు మూత మావారు తీసిపెట్టాలి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి. గాజులు మణికట్టు దాటేవి కావు. పిడికిలి పట్టబోతే వేళ్ళ మొదళ్ళలో ఉబ్బుగా, వెచ్చగా ఉండేది. భోజనాల వేళకి కాస్త తగ్గేది. సాయంత్రానికి మామూలు మనిషినయ్యేదాన్ని. సాయంత్రం కార్డులు చేసేదాన్ని.

చేతులు నొప్పులంటే ప్రతివాళ్ళదీ ఒకటే మాట, ఆ కార్డులు మానెయ్ అని. ఫోన్లో మా ఆడపడుచు అదే, కింది అంతస్తు ఆవిడ అదే. ఇంట్లో గిన్నెలు తోమితే రాని నొప్పి, కాగితం కత్తిరిస్తే వస్తుందా అని నాకు ఒళ్ళు మండేది. పని మానమని ఎవరూ అనరు, సరదా మానమనడానికి మాత్రం అందరూ డాక్టర్లే.

అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెద్ద ఆసుపత్రిలో ఎముకల డాక్టరు, సాయంత్రం పూట చూస్తాడు. ఎవరి దగ్గరికీ ఉత్త చేతులతో వెళ్ళకూడదని మా ఇంటి పెంపకం. డాక్టరు దగ్గరికి అరటిపళ్ళు పట్టుకెళితే నవ్వుతారు కదా, అందుకని ఒక కార్డు పట్టుకెళ్ళాను. మంచి గళ్ళ ముగ్గు, మధ్యలో తామర.

ఆయన కార్డు తిప్పి తిప్పి చూశాడు. నర్సుని పిలిచి చూపించాడు. "ఇంత ఫైన్ వర్క్ చేసే చేతులకి ఏం జబ్బు ఉంటుంది మేడమ్? మా సర్జన్లకి కూడా ఇంత స్టెడీ హ్యాండ్ ఉండదు" అన్నాడు. వేళ్ళు ఒకసారి నొక్కి చూశాడు. ఏజ్ అన్నాడు, మెనోపాజ్ అన్నాడు, క్యాల్షియం, పెయిన్ కిల్లర్ రాశాడు.

నేను పొంగిపోయాను. నొప్పి చెప్పుకోడానికి వెళ్ళి మెచ్చుకోలు తీసుకుని వచ్చాను. కొన్నాళ్ళకి మా పేట డాక్టరు దగ్గరికి ఇంకో కార్డు పట్టుకెళ్ళాను. అక్కడా అంతే. యూరిక్ యాసిడ్ పరీక్ష చేయించి, నార్మల్ అని, అదే పెయిన్ కిల్లర్ పేరు మార్చి రాశాడు. దాంతో కడుపులో మంట మొదలైంది. వేసవి వచ్చింది, వెళ్ళిపోయింది.

నొప్పి గురించి అందరూ అడుగుతారు, నీరసం గురించి ఎవరూ అడగరు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. సాయంత్రమయితే చిన్నగా జ్వరం. తల దువ్వుకుంటే అలసట. కూర తరిగాక వండడానికి ఓపిక ఉండేది కాదు, వండాక తినడానికి ఉండేది కాదు. నిద్రపోయి లేచినా విశ్రాంతి తీసుకున్నట్టు ఉండేది కాదు. నేను బద్ధకస్తురాలినయిపోయానేమోనని నామీద నాకే అనుమానం వచ్చింది.

మా అమ్మాయి స్వాతి ఐటీ ఆఫీసులుండే సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం చేస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవమంటే అక్షరాలు కూడబలుక్కుంటుంది. అదే వెతికి ఒక రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. "అమ్మా, ఈసారి కార్డ్ వొద్దు, ప్లీజ్. రోగం చూపించడానికి వెళ్తున్నాం, ఎగ్జిబిషన్‌కి కాదు" అంది.

నేను వింటానా? సంచీలో పెట్టుకునే బస్సెక్కాను.

ఆ డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. నా వయసే ఉంటుంది. కార్డు చూసి బాగుందనలేదు. "ఇది ఎప్పుడు చేశారు?" అని హిందీలో అడిగింది.

"మొన్న సాయంత్రం."

"పొద్దున్న చేయగలరా?"

పక్కనున్న మావారే అందుకున్నారు. "పొద్దున్న బ్రషే పట్టుకోలేదు డాక్టర్. చీర కుచ్చిళ్ళు మా అమ్మాయి పెడుతుంది."

ఆ మాట ఇంతవరకు ఏ డాక్టరుకీ చెప్పలేదెందుకని ఆవిడ నన్ను అడిగింది. వాళ్ళు అడగలేదన్నాను. ఆవిడ నవ్వలేదు, రక్త పరీక్షలు, ఎక్స్‌రే రాసింది. "రిపోర్టులతో పాటు ఇంకో కార్డు తీసుకురండి. లేవగానే, టీ కూడా తాగకముందు చేయండి. ఎలా వస్తే అలా. సరిదిద్దకండి."

మర్నాడు పొద్దున్న బల్ల ముందు కూర్చున్నాను. మడత పెట్టడానికే చాలా సేపు పట్టింది. బొటనవేలు దూరని కత్తెరలో రెండు వేళ్ళు ఇరికించి నొక్కాను. ఈ పనిలో ఒకటే సూత్రం, మడత అంచుని పూర్తిగా తెగనివ్వకూడదు. అక్కడ కాస్త వదిలితేనే ముగ్గు కలిసి ఉంటుంది. నా చెయ్యి ఆగలేదు, మడత తెగిపోయింది. విప్పితే ముగ్గు రెండు ముక్కలై ఒళ్ళో పడింది.

ఏడ్చాను. సిగ్గేసి కూడా ఏడ్చాను. సాయంత్రం ఇంకోటి చక్కగా చేసి పట్టుకెళదామనుకున్నాను. కాగితం మడత కూడా పెట్టాను. స్వాతి ఆఫీసు నుంచి వచ్చి అది లాక్కుని, పొద్దుటి ముక్కలు చేతిలోకి తీసుకుంది.

"ఇలాటి చెత్త ఎవరికైనా ఇస్తామేటే?" అన్నాను.

"ఇదే ఇస్తాం. అతికించను కూడా అతికించం" అని ఆ రెండు ముక్కల్నీ ఎక్స్‌రే కవరులో పెట్టింది.

డాక్టరమ్మ వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూసింది. తర్వాత రిపోర్టులు చూసింది. ఒంట్లో వాపుని చూపించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ ఎక్కువ. యాంటీ సీసీపీ పాజిటివ్. "రుమటాయిడ్ ఆర్థరైటిస్. మీ ఇమ్యూనిటీయే మీ జాయింట్ల మీద పడుతోంది. కార్డుల వల్ల వచ్చింది కాదు" అంది. ఆ చివరి మాటకి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎక్స్‌రేని లైటు పెట్టె మీద పెట్టి, కుడి చేతి మధ్యవేలి మొదట్లో చిన్న గాటు చూపించింది. "ఎరోజన్ మొదలైంది. పోయిన ఎముక తిరిగి రాదు. మిగిలింది కాపాడదాం."

"ముందే వచ్చుంటే?" అన్నారు మావారు.

"ముందే వచ్చుంటే బాగుండేది" అంది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆయన నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మా ఇంట్లో అలాంటివి అలవాటు లేదు.

మెథోట్రెక్సేట్ మాత్రలు మొదలుపెట్టారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు. డాక్టరమ్మ ఈ ముక్క మూడుసార్లు చెప్పించుకుంది మా చేత. ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్. నేను శనివారం పెట్టుకున్నాను, ఆదివారం స్వాతి ఇంట్లో ఉంటుందని. ఆదివారమంతా వికారం. పక్కింటి వంటింట్లో ఆవనూనె కాగితే చాలు, నేను బాత్రూంలోకి పరుగు. మావారు పప్పు చేయడం నేర్చుకున్నారు. ఉప్పు వెయ్యడం ఇంకా నేర్చుకుంటున్నారు.

ఆ మందు పనిచేయడానికి నెలలు పడుతుందని, ఈలోగా స్టెరాయిడ్ ఇచ్చారు. దాంతో నాకు మళ్ళీ చేతులొచ్చాయి. పొద్దున్నే గ్లాసు ఒంటిచేత్తో పట్టుకున్నాను. ఉగాదికీ, బెంగాలీల కొత్త సంవత్సరం పొయిలా బోయిశాఖ్‌కీ కట్టలకొద్దీ కార్డులు చేశాను. నయమైపోయిందని అందరికీ ఫోన్లు చేశాను. "ఇది స్టెరాయిడ్ సుఖం. తగ్గిస్తున్నాం, జాగ్రత్త" అని డాక్టరమ్మ చెప్పింది గాని, సుఖంగా ఉన్నవాళ్ళకి ఎవరి మాట ఎక్కుతుంది?

మోతాదు తగ్గించేసరికి నొప్పి వెనక్కి వచ్చింది, ఈసారి మోకాళ్ళనీ వెంటబెట్టుకుని. అదే సమయానికి లివర్ పరీక్షలో అంకెలు పెరిగాయి. మెథోట్రెక్సేట్ ఆపారు. వానాకాలమంతా మంచం మీదే గడిచింది. కిటికీలోంచి లోకల్ రైళ్ళ చప్పుడు వింటూ, ఇంక ఇంతే కాబోలు అనుకున్నాను. ధైర్యంగా ఉన్నానని రాయాలని ఉంది గాని, లేను. విసుగుతో ఉన్నాను. పలకరించడానికొచ్చినవాళ్ళ మీద కూడా విసుక్కున్నాను.

మళ్ళీ పూజ వచ్చింది. బిజోయాకి మా పై అంతస్తు శిఖాదీ వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమెకి ఏటా నా కార్డు వెళుతుంది. ఆమె వాటిని దారానికి గుచ్చి తలుపు పక్కన వేలాడదీసుకుంటుంది. ఈసారి స్వాతి చేత బజారులో అచ్చు కార్డు తెప్పించి ఇచ్చాను. మిఠాయి పొట్లం నాకిచ్చి, కార్డు తెరిచి చూసి, "సరోజ్, ఎటా తోమార్ నా" అని మళ్ళీ నా ఒళ్ళోనే పెట్టింది. ఇది నీది కాదంది.

"చేతులు రావడం లేదు దీదీ" అన్నాను.

"రాకపోతే రానట్టే ఇవ్వు" అంది బెంగాలీలో. "నేను ముగ్గు కోసమా తీసుకుంటున్నది? నా దారానికి ఈ ఏడాది ఖాళీ పెట్టకు."

కత్తెర పట్టలేను. కాగితాన్ని చింపాను. అంచులు బరకగా, వంకరగా వచ్చాయి. తామర అనుకుని చింపితే క్యాబేజీలా వచ్చింది. మావారు అంటించారు, జిగురు కాస్త ఎక్కువైంది. శిఖాదీ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి, మంచి కార్డుల పక్కనే గుచ్చింది.

ఇది జరిగి ఏడాది దాటింది. లివర్ సర్దుకున్నాక మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టి, తోడుగా ఇంకో మందు కలిపారు. ఆ మందుల కోసం కళ్ళ పరీక్ష, రక్త పరీక్ష చేయించుకోవడం అలవాటైపోయింది. ఫిజియోథెరపీలో వేడి మైనంలో చేతులు ముంచడం నేర్పారు, అదొక్కటే ఈ జబ్బులో నాకు నచ్చిన పని. మధ్యవేలు పక్కకి కాస్త వాలింది, అది ఇంక అలాగే ఉంటుంది. స్ప్రింగు కత్తెర వాడుతున్నాను, దానంతటదే తెరుచుకుంటుంది. మడతలు మావారివి. బాగున్న రోజులూ ఉన్నాయి, బాగులేని రోజులూ ఉన్నాయి. అలసట మాత్రం రోజూ ఉంది.

చెకప్‌కి వెళ్ళే రోజు పొద్దున్న, టీ తాగకముందు ఒక కార్డు చేస్తాను. డాక్టరమ్మ రిపోర్టుల కంటే ముందు దాన్నే తెరుస్తుంది. ముగ్గు వైపు చూడదు, మడత వైపు చూస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు విప్పి, దీపానికెదురుగా పట్టుకుంది. ఒకచోట కత్తెర లోపలికి దిగింది గాని, ముగ్గు విడిపోలేదు.

"ఊడిపోలేదు" అంది.

"ఊడిపోలేదు" అన్నాను.

"మందు పెంచను. తగ్గించను" అని రాసింది. మా ఇంట్లో ఆ పూట అదే పండగ.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ చేతులు ఏ వేళకి బాగులేవో, ఆ వేళ ఎలా ఉంటాయో డాక్టరుకి తెలియాలి. పొద్దున్నే వెళ్ళండి, వీలుకాకపోతే ఉబ్బిన వేళ్ళని ఫోన్లో ఫోటో తీసి పట్టుకెళ్ళండి. ఏ పని చేయలేకపోతున్నారో దాని పేరు పెట్టి చెప్పండి, సిగ్గుపడకండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు తల దువ్వుకోండి, మంచి చీర కట్టుకోండి. నొప్పికి మాత్రం ముస్తాబు చెయ్యకండి.